విన్నాననుకున్న మాటలు

మాస్కులు పెట్టుకుని బడికి వెళ్ళిన రోజుల్లో ప్రపంచమంతా గొణుగుతున్నట్టు ఉండేది నాకు. పిల్లలు గొణిగేవారు. తోటి టీచర్లు గొణిగేవారు. రైల్లో టికెట్ అడిగే ఆయన గొణిగేవాడు. స్టాఫ్ రూములో ఎవరో ఒకరు "ఈ గుడ్డముక్కల వల్ల ఒక్క మాటా సరిగ్గా వినపడి చావట్లేదు" అని విసుక్కుంటూనే ఉండేవారు కనుక, నా ఇబ్బంది కూడా అందరి ఇబ్బందే అనుకున్నాను. తర్వాత మాస్కులు పోయాయి. మొహాలు బయటపడ్డాయి. మాటలు మళ్ళీ వినపడసాగాయి. హమ్మయ్య అనుకున్నాను. నేను చెవులతో కంటే కళ్ళతోనే ఎక్కువ వింటున్నానని అప్పుడు తట్టలేదు.

నేను లెక్కల టీచర్ని. ఇల్లు బందరులో, ఉద్యోగం గుడివాడలో. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే చిలకలపూడి, పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటుకుంటూ బడి వేళకి దింపేది. మా నాన్నగారు కూడా లెక్కల మాస్టారే. చివరి రోజుల్లో ఆయన ఎవరు పలకరించినా తల ఊపి నవ్వేవారు. పెద్దవాళ్ళయ్యాక మనిషికి శాంతం వస్తుందని మేమంతా చెప్పుకునేవాళ్ళం. ఆయనకు వినపడేది కాదేమో. ఇప్పుడు ఎవర్ని అడగను?

చెవుడంటే నిశ్శబ్దం అనుకుంటారు చాలామంది. నాకు శబ్దానికి ఏ లోటూ లేదు. కుక్కర్ కూత వినపడేది, లారీ హారన్ వినపడేది, పక్కింటి బోరు మోటారు వినపడేది. మాటల్లో మాత్రం కొన్ని అక్షరాలు రాలిపోయేవి. చకారం, సకారం లాంటి సన్నటివి ముందు పోయాయి. రాలినచోట మనసు ఇంకో అక్షరాన్ని తెచ్చి పెట్టేది. అది ఎంత చురుగ్గా పెట్టేదంటే, అక్కడ ఖాళీ ఉందన్న సంగతే నాకు తెలిసేది కాదు.

లెక్కల టీచర్ని కావడం వల్ల చాలాకాలం గట్టెక్కాను. తెలుగు క్లాసులో పిల్లలు ఏం చెబుతారో ముందుగా ఎవరికి తెలుసు? లెక్కల క్లాసులో జవాబు నాకు ముందే తెలుసు. "ఎంతొచ్చింది?" అని అడుగుతాను. పన్నెండు రావాలి. పిల్ల నోరు కదుపుతుంది, ఏదో శబ్దం వస్తుంది, నాకు పన్నెండు అని వినపడుతుంది. "కూర్చో, కరెక్ట్" అంటాను. ఆ రోజుల్లో నా క్లాసు బ్రహ్మాండంగా నడుస్తోందని నా నమ్మకం. అడిగిన ప్రశ్నకల్లా సరైన జవాబే వచ్చేది మరి.

మా బడిలోనే సైన్సు చెప్పే ఒకామె ఉండేది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక. కాపురం బందరులో, భర్త, ఒక కూతురు. తొమ్మిదేళ్ళు ఒకే రైల్లో, ఎదురెదురు సీట్లలో కూర్చుని వెళ్ళొచ్చాం. నన్ను 'అక్కా' అనేది. నేను 'నువ్వు' అనేదాన్ని. తన టిఫిన్ డబ్బా నా ఒళ్ళో, నా పేపర్ల కట్ట తన ఒళ్ళో ఉండేవి. వాళ్ళు అద్దెకుండే ఇల్లు పల్లంలో ఉండేది. గట్టి వాన పడితే హాల్లోకి నీళ్ళొచ్చేవి. "ఈ ఏడాదన్నా వేరే ఇల్లు చూసుకోవాలక్కా" అని ప్రతి వానాకాలంలోనూ అనేది. చిలకలపూడిలో మాతో ఇంకొకావిడ కలిసేది. గుడివాడలో ఒక ఆఫీసులో గుమాస్తా. మేం ముగ్గురం ఒక జట్టు.

ఒక సాయంత్రం గుడివాడ స్టేషన్లో, నేను సీసాలో మంచినీళ్ళు పట్టుకుని వెనక్కి వస్తున్నాను. వాళ్ళిద్దరూ నాకు వీపు పెట్టి బెంచీ మీద కూర్చున్నారు. గుమాస్తావిడ ఏదో అడిగింది. నా స్నేహితురాలు తల కాస్త పక్కకి తిప్పి, "అక్కకి చెప్పొద్దు" అంది.

స్పష్టంగా విన్నాను. ప్లాట్‌ఫారం మీద పెద్దగా జనం లేరు, బండి ఇంకా రాలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్నాను. సీసా మూత మళ్ళీ బిగించాను. తర్వాత చెప్పులు కాస్త చప్పుడు చేస్తూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఇద్దరూ జరిగి చోటిచ్చారు. ఏమీ జరగనట్టే ఉన్నారు.

ఆ రాత్రి పేపర్లు దిద్దుతున్నా అదే ఆలోచన. ఏం చెప్పొద్దు? నాకెందుకు చెప్పొద్దు? మర్నాడు రైల్లో "నిన్న నన్నేమో అన్నావు, ఏంటది?" అని నవ్వుతూ అడిగేస్తే అక్కడితో తేలిపోయేది. అభిమానం అడ్డొచ్చింది. చాటుగా విన్నదాన్ని ఎదురుగా ఎలా అడుగుతాం? అడగలేకపోయాను కనుక కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. తను ఎవరితో మాట్లాడుతోంది, ఎప్పుడు గొంతు తగ్గిస్తోంది, నన్ను చూసి కళ్ళు ఎటు తిప్పుతోంది. తొమ్మిదేళ్ళలో ఆమె మొహాన్ని నేనంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

పది రోజుల తర్వాత అనుకుంటాను, గుమాస్తావిడ సెలవులో ఉంది. మేమిద్దరమే. కవుతరం దాటాక రైలు వేగం అందుకుంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, గాలి హోరు. నా స్నేహితురాలు ముందుకు వంగి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, చిన్నగా నవ్వుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. తల వంచుకుని ఉంది కనుక పెదవులు సరిగ్గా కనపడలేదు. నాకు అందింది మూడే ముక్కలు. 'వేరే', 'ఉంటున్నా', 'ఆర్నెల్లు'. తర్వాత తలెత్తింది. మొహంలో ఆ నవ్వు ఇంకా ఉంది.

నాకు వెంటనే అర్థమైపోయింది. ఇల్లు మారుతున్నారు. ఆర్నెల్ల నుంచి చూస్తే దొరికినట్టుంది. ఆ వెంటే ఒక మంట కూడా రేగింది. ఇదా నాకు చెప్పొద్దన్నది? ఇల్లు మారడం కూడా నా దగ్గర దాచాల్సిన సంగతేనా? నేనేమైనా అడ్డుపడతానా, దిష్టి పెడతానా? ఆ మంట పైకి కనపడకూడదని కాస్త ఎక్కువగానే నవ్వాను.

"మంచిదేగా. ఎప్పట్నించో అనుకుంటున్నదేగా. ఇప్పటికైనా హాయిగా ఉంటావు" అన్నాను.

ఆమె నన్నే చూస్తూ ఉండిపోయింది. నవ్వు కాసేపు పెదవుల మీద అలాగే నిలిచి, మెల్లగా పోయింది. మొహం కిటికీ వైపు తిప్పుకుంది. గుడివాడ వచ్చేదాకా మాట్లాడలేదు. దాచిన సంగతి తన నోటితోనే బయటపెట్టాల్సి వచ్చినందుకు సిగ్గుపడుతోందనుకున్నాను. ఏ వీధిలో ఇల్లు అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. చెప్పేదైతే తనే చెప్తుందిలే అని ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆమె నా ఎదుటి సీట్లో కూర్చోవడం తగ్గింది. పక్క వరసలో కూర్చునేది. కొన్నాళ్ళకి వేరే పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టింది. బడిలో ఎదురుపడితే పలకరించేది, కానీ 'అక్కా' పోయి 'మేడమ్' వచ్చింది. గృహప్రవేశానికో, కనీసం పాలు పొంగించడానికో పిలుస్తుందేమోనని నెలరోజులు చూశాను. పిలవలేదు. స్టాఫ్ రూములోకి నేను అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయేవి. నిజంగా ఆగిపోయేవో, తలుపు దగ్గర నుంచి నాకు వినపడేవి కావో, ఇప్పుడు చెప్పలేను. అప్పుడు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో సాక్ష్యంలా కనపడేది. ఆమె నన్ను దూరం పెట్టింది. ఎందుకో తెలియదు, కానీ పెట్టింది. మొదట అనుమానంగా ఉన్నది ఆరు నెలలకి నమ్మకమైంది. ఏడాది తిరిగేసరికి అది నమ్మకంలా కూడా అనిపించలేదు, పొద్దున్నే రైలు వస్తుందన్నంత మామూలు సంగతిగా మారింది.

మరుసటి బదిలీల్లో ఆమె దివిసీమ వైపు కోరుకుని వెళ్ళిపోయింది. వీడ్కోలు సభలో నేను చివరి వరసలో కూర్చున్నాను. మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి గొంతు బొంగురుపోయినట్టు మొహం చూస్తే తెలిసింది. ఏం మాట్లాడిందో ఒక్క ముక్క అందలేదు. అందరూ చప్పట్లు కొట్టినప్పుడు నేనూ కొట్టాను.

ఆ ఏడాదే తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పేపరు దిద్దుతుంటే విచిత్రంగా అనిపించింది. సమీకరణాలన్నీ చేసింది, సంఖ్యలన్నీ సరైనవే, గుర్తులు మాత్రం అన్నీ తలకిందులు. ఆరు రావాల్సినచోట మైనస్ ఆరు. క్లాసులో ఎప్పుడూ సరిగ్గా చెప్పే పిల్ల. పిలిచి అడిగాను.

"క్లాసులో కూడా ఇలాగే చెప్పానండీ. మీరు కరెక్ట్ అన్నారండీ."

"మైనస్ ఆరు అంటే నేనెందుకు కరెక్ట్ అంటాను? నువ్వు ఆరనే చెప్పుంటావు."

"లేదండీ. మైనస్ అనే చెప్పానండీ."

"అబద్ధాలాడకు" అన్నాను.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. క్లాసంతా పుస్తకాల్లోకి చూస్తోంది. నాకు మాత్రం ఆవగింజంత అనుమానం కూడా రాలేదు. ఆ పిల్ల 'ఆరు' అనడం నా చెవులతో నేను విన్నాను.

నా సంగతి మొట్టమొదట కనిపెట్టింది మా వీధికి చేపలు తెచ్చే ఆమె. గిలకలదిండి నుంచి ఆదివారాలు వచ్చేది. ఒక ఆదివారం నేను గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తుంటే, భుజం తట్టి పిలిచింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను.

"ఎనకాల నించొని మూడు తూర్లు పిలిశానమ్మా. నీకు ఇనపడ్లా."

"ఏదో ఆలోచనలో ఉన్నానులే."

"ఆలోచన కాదమ్మా." తట్ట దించి, తల మీది చుట్టగుడ్డ సర్దుకుంటూ నా మొహంలోకి చూసింది. "మా మావ ముప్పయ్యేళ్ళు ఇంజను బోటు మీద తిరిగాడు. ఆ మోత పక్కనే పడుకునేవోడు. ఇప్పుడు మడిసి మాట్టాడతంటే నోటికేసే చూత్తాడు. నువ్వూ అట్టాగే చూత్తన్నావు. నేను ఏడాది నుంచీ చూత్తన్నా. ధర చెప్పేటప్పుడు తట్ట వంక చూడాలి గానీ, నా నోరెందుకు చూత్తావు?"

కోపం వచ్చింది నాకు. చేపలు వద్దని పంపేశాను. లోపలికొచ్చి మావారితో చెప్పాను, ఆవిడకి నోరెక్కువైందని. ఆయన పేపరు దించి, "టీవీ సౌండు ఎంతలో ఉందో చూశావా?" అన్నారు. ఆయన వాలకం చూస్తే ఎప్పట్నించో దాచుకున్న మాటలా ఉంది.

రెండు వారాలు ఓపిక పట్టి, ఆఖరికి బందరులోనే చెవి పరీక్షకి వెళ్ళాను. పరీక్ష చేసే అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చింది. "సన్నగా శబ్దం వస్తుందండీ. వినపడిందనిపిస్తే నొక్కండి" అంది.

అంత తేలికైన పరీక్షలో అంత చెమట పట్టడం నాకు ఎప్పుడూ జరగలేదు. శబ్దం వచ్చిందా, రాలేదా? వచ్చినట్టే ఉంది. నొక్కాను. ఇప్పుడు రావాలి. వచ్చింది, నొక్కాను. అయ్యాక ఆ అమ్మాయి కాగితం చూపిస్తూ, "శబ్దం ఇవ్వనప్పుడు కూడా మీరు చాలాసార్లు నొక్కారండీ" అంది.

"వినపడిందమ్మా మరి."

"వస్తుందని ఎదురుచూస్తుంటే అలా అనిపిస్తుందండీ. చాలామందికి జరుగుతుంది."

తర్వాత మాటల పరీక్ష. ఒక అట్ట నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కో మాట చెప్తుంది, నేను తిరిగి చెప్పాలి. ఇల్లు, చెట్టు, పలక. బాగానే చెప్పాననుకున్నాను. ఆమె కాగితం మీద ఏవేవో గీతలు పెడుతోంది. ఒక మాటకి నేను "వద్దు" అన్నాను. ఆమె ఆగి, మళ్ళీ చెప్పింది. మళ్ళీ "వద్దు" అన్నాను. ఈసారి అట్ట తీసేసి, నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

"వచ్చు."

గదిలో అదే వెలుతురు, అదే గొంతు. ఈసారి 'వచ్చు' అని గంట కొట్టినట్టు వినపడింది.

"ఇంకోసారి అడ్డం పెట్టి చెప్పమ్మా" అన్నాను. పెట్టి చెప్పింది. వద్దు. తీసి చెప్పింది. వచ్చు. ఐదారుసార్లు చెప్పించుకున్నాను. పాపం విసుక్కోలేదు.

బయటికొచ్చి ఆటో ఎక్కకుండా ఆ ఆవరణలోనే ఒక సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. అక్కకి చెప్పొద్దు. అక్కకి చెప్పొచ్చు. అటు తిరిగి కూర్చున్న మనిషి అన్న మాట. పెదవులు కనపడని మాట. రెండేళ్ళుగా పోగుచేసుకున్న సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటే ముందుకు తెచ్చుకుని చూశాను. మొదటి మాట నిజమైతేనే అవి సాక్ష్యాలు. లేకపోతే ఒక మనిషి వేరే సీట్లో కూర్చుంది, అంతే. మరి ఎందుకు కూర్చుంది?

ఇంటికొచ్చి మావారికి రిపోర్టు చూపించాను. ఆయన చాలాసేపు చదివి, "అయితే నేను పిలిస్తే పలక్కపోవడం పొగరు కాదన్నమాట" అన్నారు.

"పొగరనుకున్నారా?"

"ఏమనుకోను? ఎదురుగా నిలబడితే పలుకుతావు. వెనకనుంచి పిలిస్తే పలకవు. పిలిపించుకోవడం ఇష్టమేమో అనుకున్నాను." కాగితం మడిచి నా చేతికిస్తూ, "ఇన్నేళ్ళూ అనవసరంగా అలిగాను" అన్నారు.

చెవి మిషన్లు వచ్చాయి. మొదటి వారం నరకం. నా గాజులు, నా చెప్పులు, కూర తాలింపు, పేపరు మడత పెట్టడం, అన్నీ నా మీదకి అరుస్తున్నట్టే ఉండేవి. ఏది మాట, ఏది చప్పుడు అని విడదీసుకోవడం పసిపిల్లలా మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. మిషన్లు పెట్టుకున్నా అంతా వినపడదని ఆ అమ్మాయి ముందే చెప్పింది. "వినపడనప్పుడు అడగాలండీ. అదే ఎవరూ చెయ్యరు" అంది.

బడిలో ముందుగా ఆ పిల్లని పిలిచాను. పదో తరగతికి వచ్చింది. జుట్టు పక్కకి తీసి మిషను చూపించాను. "అప్పుడు నువ్వు చెప్పిందే నిజం. నాకు వినపడలేదు. నిన్ను అబద్ధాలాడొద్దన్నాను, తప్పు" అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుని, "పర్లేదండీ. మాకు తెలుసండీ" అంది.

"ఏం తెలుసు?"

"మీకు వినపడదనండీ. అందుకే మేం మీరు ఇటు తిరిగేదాకా ఆగి చెప్తామండీ. ఆ రోజు మీరు బోర్డు మీద రాస్తుంటే చెప్పేశాను."

నలభైమంది పిల్లలు నా మొహం తమ వైపు తిరిగేదాకా ఆగి జవాబు చెప్తున్నారు. నేనేమో క్రమశిక్షణ బాగుందనుకుంటున్నాను.

నా స్నేహితురాలికి ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాలలేదు. మెసేజ్ పెట్టాను, ఒకసారి రావచ్చా అని. సాయంత్రానికి 'రండి' అని ఒక్క ముక్క వచ్చింది. రెండో శనివారం బందరులో బస్సెక్కి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళి, అక్కడ మారి నాగాయలంక చేరాను. మేడ మీద రెండు గదుల వాటా. వరండాలోంచి కృష్ణ వెడల్పుగా కనపడుతోంది. తను చాప మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. మనిషి చిక్కింది.

"రండి మేడమ్" అంది.

నేనూ చాప మీద కూర్చున్నాను, ఆమె మొహం వెలుగులో పడేట్టు. ఒక కట్ట తీసుకుని వలవడం మొదలుపెట్టాను. కాసేపటికి చెవి మిషను తీసి చూపించి, మళ్ళీ పెట్టుకుని, పరీక్ష సంగతి చెప్పాను. 'వద్దు, వచ్చు' సంగతి చెప్పాను. గుడివాడ ప్లాట్‌ఫారం సంగతి చెప్పాను. "ఆ రోజు నువ్వు అక్కకి చెప్పొద్దు అన్నావా, చెప్పొచ్చు అన్నావా?"

ఆమె చేతులు ఆగాయి. గుర్తు చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది.

"నాకు గుర్తు లేదండీ. ఎప్పటి మాట అది. ఏదో ఒకటి అనుంటాను. చెప్పొద్దనే అన్నానేమో కూడా. మొదట్లో ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు."

రెండేళ్ళు మోసిన మాట. ఇంత దూరం వస్తే తేలుతుందనుకున్నాను. తేలలేదు.

"ఇంతకీ ఏంటది, అంతగా దాచాల్సింది?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఏంటంటారేంటి? మీకు నేనే చెప్పానుగా. రైల్లో."

"ఇల్లు మారడం గురించేగా?"

"ఇల్లేంటి?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అప్పుడు ఆమె ఒక్కో మాటా విడదీసి, పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు చెప్పింది.

"ఆయన వేరే ఉంటున్నారక్కా, ఆర్నెల్లయింది అని చెప్పాను. నన్ను వదిలేసి వెళ్ళిపోయారని చెప్పాను. మీరు నవ్వారు. మంచిదేగా అన్నారు. ఎప్పట్నించో అనుకుంటున్నదేగా అన్నారు. ఇప్పటికైనా హాయిగా ఉంటావు అన్నారు."

నా మూడు వాక్యాలూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఆమె దగ్గర ఉన్నాయి.

చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది, తన గోడు నాతో కాక ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "ఎప్పట్నించో అనుకుంటున్నదేగా అంటే, ఎవరు అనుకుంటున్నారు? నేను నెలల తరబడి అదే ఆలోచించాను. అంటే మేం విడిపోతామని మీ అందరికీ ముందే తెలుసన్నమాట. నా వెనక చెప్పుకుంటున్నారన్నమాట. ఏ రోజు ఏ గొడవ మీ చెవిన పడిందో అని వెతుక్కున్నాను. ఒకసారి ఆయన మీ ముందు నన్ను కసిరారు, గుర్తుందా? అదేమో అనుకున్నాను. ఇంకోసారి నేను ఏడ్చిన మొహంతో రైలెక్కాను. అదేమో అనుకున్నాను. స్టాఫ్ రూములో ఎవరు నవ్వినా నా గురించే అనిపించేది. అందుకే ఇటు వచ్చేశాను."

"నాకు వినపడలేదు" అన్నాను. "నీ మొహంలో నవ్వు చూసి, నేనూ నవ్వాను."

"నేను నవ్వానా?"

"నవ్వుతూనే చెప్పావు."

నది వైపు చూసింది. "ఏడుపొస్తుందేమోనని నవ్వుంటాను" అంది.

నేను అక్కడికి వెళ్ళింది ప్లాట్‌ఫారం మీది మాట గురించి. ఆ మాటని అనుమానించాను కనుకే అంతకాలం తిరగేసి, మరగేసి చూశాను, పరీక్ష గదిలో ఉలిక్కిపడ్డాను, బస్సెక్కి వచ్చాను. రైల్లో విన్న మాటని ఎన్నడూ అనుమానించలేదు. ఇల్లు మారారు, అంతే. అది తెలిసిన సంగతి కనుక మళ్ళీ దాని వైపు చూడాల్సిన పనే పడలేదు. మూడు ముక్కలు విని మిగిలిన వాక్యమంతా నేనే రాసుకున్నానని, కింద ఆమె సంతకం కూడా నేనే పెట్టేశానని ఆ చాప మీద కూర్చున్నప్పుడు తెలిసింది. బడిలో ఆ పిల్ల 'మైనస్' కూడా ఇలాగే పోయింది. ఇంకా ఎన్ని పోయాయో. వాటి గురించి నాకు ఎప్పటికీ ఎవరూ చెప్పరు.

"ఇప్పుడు చెప్పు" అన్నాను. "మొదట్నించీ చెప్పు."

"ఇప్పుడెందుకు లెండి."

"నాకు తెలీదు కనుక."

చాలాసేపు తటపటాయించి మొదలుపెట్టింది. ఆయన మౌనంగా ఉండటం ఎప్పుడు మొదలైందో, ఏ రోజు పెట్టె సర్దుకున్నారో, పిల్లకి ఏమని చెప్పిందో. వినపడనిచోటల్లా ఆపాను. "మళ్ళీ చెప్పు. మార్చి అన్నావా, మార్చారు అన్నావా?" "ఎవరన్నారు ఆ మాట, ఆయనా, మీ అత్తగారా?" మొదట్లో చిరాకు పడింది. తర్వాత తనే ఆగి, నా మొహం చూసి, అందిందో లేదో చూసుకుని ముందుకు వెళ్ళింది. కింద వీధిలో ట్రాక్టరు పోతుంటే అది దాటేదాకా ఇద్దరం ఆగాం. గోంగూర అయిపోయింది. ఎండ వరండాలోంచి గోడ మీదకి ఎక్కింది.

"ఇన్నిసార్లు ఎవరూ అడగలేదక్కా" అంది చివర్లో. "సగం చెప్పేసరికే అందరూ అర్థమైంది, అర్థమైంది అనేవారు."

అక్కా అన్నందుకు సంతోషించాలా వద్దా అని సంకోచించి, అడిగేశాను. "నా మీద కోపం పోయిందా?"

"పోలేదు" అంది. "ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియట్లేదు ఇప్పుడు."

అన్నం తినే వెళ్ళమంది. తిన్నాను. బస్సు దగ్గరికి వచ్చి ఎక్కించింది.

వాళ్ళాయన తిరిగి రాలేదు. నెలకోసారి వచ్చి పిల్లని చూసి వెళ్తారట. ఆమె ఇప్పుడు నాతో ఆదివారాలు ఫోన్లో మాట్లాడుతుంది. ఫోన్లో మొహం కనపడదు కనుక నేనొక అలవాటు చేసుకున్నాను. ముఖ్యమైన మాట అనిపిస్తే, నేను విన్నదాన్ని తిరిగి ఆమెకే చెప్తాను, ఇదేనా నువ్వన్నది అని. స్టాఫ్ రూములోనూ అదే చేస్తున్నాను. కొందరికి విసుగు. చేపలావిడ మాత్రం ధర ఒకసారే, నా మొహం ముందుకొచ్చి చెప్తుంది.

మొన్నటి ఆదివారం బదిలీల సంగతి వచ్చింది. మళ్ళీ బందరు వైపు రావచ్చుగా అన్నాను. ఆమె ఏదో అంది.

"ఇక్కడ ఉండలేకపోతున్నాను అంటున్నావా?" అన్నాను.

అటువైపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"ఇక్కడే ఉండిపోతాను అన్నానక్కా" అంది. "కానీ మీరన్నదీ నిజమే."

ఆ తర్వాత ఇంకో అరగంట మాట్లాడింది. మధ్యలో నాలుగైదుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాను.